ఖిలాఫత్ రద్దు అనంతర చర్చ: అలీ అబ్దుల్ రాజిఖ్ వాదం – ఒక పరిశీలన

ఆధునిక ముస్లిం సమాజాల గురించి చర్చించేటప్పుడు ‘ఇస్లాంలో మతమూ రాజ్యమూ వేరు కావు’ అనే సూత్రాన్ని సమర్థకులూ విమర్శకులూ సమానంగానే వాడుతుంటారు. ఈ సూత్రాన్ని ఇస్లామీయ పాండిత్య సంప్రదాయం లోపలి నుంచే ప్రశ్నించిన గ్రంథం ‘ఇస్లాం – పాలనా మూలాలు’. 1925లో ఈజిప్టులో దీన్ని ప్రచురించిన అలీ అబ్దుల్ రాజిఖ్ అల్-అజ్‌హర్ పండితుడు, షరియా న్యాయస్థానంలో న్యాయమూర్తి.

గ్రంథం వెలువడిన సందర్భం గమనార్హం. 1924 మార్చి 3న టర్కీ శాసనసభ ఖిలాఫత్‌ను రద్దు చేసింది. ఖాళీ అయిన ఆ పీఠంపై ఈజిప్టు రాజు ఫువాద్ ఆశ పెట్టుకున్నాడు. సరిగ్గా ఆ సమయంలోనే అబ్దుల్ రాజిఖ్ మూడు విషయాలు ప్రతిపాదించాడు. ఖిలాఫత్‌ను విధిగా చేసే ఆధారం ఖురాన్‌లోగాని హదీసుల్లోగాని లేదు. ప్రవక్త నాయకత్వం ధార్మికమైనదే తప్ప రాచరికం కాదు. ఖలీఫాల అధికారం చరిత్రలో ప్రధానంగా బలంపైనే నిలిచింది. కాబట్టి పాలనావ్యవస్థను ఎంచుకునే పనిని మతం మానవ వివేకానికే విడిచిపెట్టిందని ఆయన నిర్ధారించాడు.

అదే ఏడాది ఆగస్టులో అల్-అజ్‌హర్ ప్రముఖ పండితుల మండలి ఆయన పండిత హోదాను రద్దు చేసింది. న్యాయమూర్తి పదవి కూడా పోయింది. ఈ వివాదం సంకీర్ణ మంత్రివర్గాన్ని సైతం చీల్చింది. తీర్పు చెప్పింది మతసంస్థే అయినా, ఆ తీర్పు సింహాసనం ఆకాంక్షలకు అనుకూలించింది. అందువల్ల ఈ ఘటనను రాజకీయాలపై మతం సాధించిన విజయంగా మాత్రమే చూడటం అసమగ్రం. ఫువాద్ ఆశ మాత్రం ఫలించలేదు. 1926 మేలో కైరోలో జరిగిన ఖిలాఫత్ మహాసభ ఖలీఫాను ఎన్నుకోకుండానే ముగిసింది.

టర్కీ అనుభవాన్ని దీనితో పోల్చి చూడాలి. ఖిలాఫత్‌ను రద్దు చేసిన రోజునే ఆ దేశం మతవ్యవహారాల శాఖను నెలకొల్పి, మసీదులనూ ఇమాములనూ ప్రభుత్వ అజమాయిషీలోకి తెచ్చింది. లౌకికమని చెప్పుకున్న గణతంత్రం కూడా మతాన్ని వదిలిపెట్టలేదు, దాని నిర్వహణను చేపట్టింది.

అబ్దుల్ రాజిఖ్ వాదంలోని పరిమితి ఇక్కడే బయటపడుతుంది. రాజులు మతాన్ని కవచంగా వాడుకున్నారని ఆయన స్పష్టంగానే గుర్తించాడు. అయితే రాజ్యాన్ని మతప్రామాణ్యం నుంచి వేరుచేయడానికి చూపిన శ్రద్ధను, మతసంస్థలను రాజ్యాధికారం నుంచి కాపాడే ఏర్పాట్లపై చూపలేదు. వక్ఫులు, మతవిద్య, పండితుల నియామకం ఎవరి అధీనంలో ఉండాలన్న ప్రశ్నకు ఆయన సిద్ధాంతంలో తగిన సమాధానం దొరకదు. ఆయనకు పడిన శిక్ష ఈ లోటును మరింత స్పష్టం చేస్తుంది.

ఈ లోటు గ్రంథం విలువను తగ్గించదు. ఖిలాఫత్‌ను ధార్మిక అనివార్యతగా భావించి మన దేశంలో 1919–24 మధ్య సాగిన ఉద్యమాన్ని అధ్యయనం చేసే పరిశోధకులు ఈ గ్రంథాన్ని కూడా పక్కన పెట్టుకొని చదవాలి. ఆ భావనపై ముస్లిం పండితులలోనే ఎంత లోతైన భేదాభిప్రాయం ఉన్నదో అప్పుడు తెలుస్తుంది.