తీసేస్తే పోయే జబ్బు కాదు

బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే పాత మారుతి వ్యాన్లు ఇంకా ఎదురవుతూనే ఉంటాయి. కూరగాయల గంపలు, బంతిపూల మూటలు ఎక్కించుకుని పట్నం బాట పట్టే బళ్లవి. మారుతి 800 తయారీ 2014లో, ఓమ్ని 2019లో ఆగిపోయాయి. రెండింట్లోనూ ఉండేది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజనే. ఇలాంటి బండి హీటెక్కుతోందంటే చాలా షెడ్లలో మొదట వినిపించే మాట: ‘థర్మోస్టాట్ తీసేద్దాం అన్నా, మన ఎండలకు అదెందుకు?’

మాట వినసొంపుగానే ఉంటుంది. తప్పల్లా ఏమిటంటే, థర్మోస్టాట్ పని ఇంజన్‌ను చల్లబరచడం ఒక్కటే కాదు, త్వరగా వేడెక్కించడం కూడా. దాని గుండెలో చిన్న ఇత్తడి డబ్బా, అందులో మైనం. 1930ల్లో అమెరికాలో సెర్జియస్ వెర్నెట్ రూపొందించిన పద్ధతి ఇది. చాలా బళ్లలో నీళ్లు 82 నుంచి 88 డిగ్రీలకు చేరేసరికి మైనం కరిగి, ఉబ్బి, కాడను నెడుతుంది. వాల్వు తెరుచుకుని నీళ్లు రేడియేటర్‌కు పోతాయి. చల్లబడితే స్ప్రింగు మూసేస్తుంది. కరెంటు లేదు, వైరు లేదు.

అది లేకపోతే? డిసెంబరు తెల్లవారుజామున చేవెళ్లలో చలి పది డిగ్రీల దాపుకు దిగుతుంది. అప్పుడు బయల్దేరిన ఇంజన్ కిలోమీటర్ల కొద్దీ చల్లగానే నడుస్తుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్లో చేరిన తేమ ఆవిరై పోదు, అరుగుదల పెరుగుతుంది. జబ్బు రేడియేటర్‌లోనో వాటర్ పంపులోనో ఉంటే అదీ అలాగే మిగులుతుంది.

అసలు జబ్బు ఎక్కడుందో ఈ రోడ్డే కొంత చెబుతుంది. ఆదివారం చిలుకూరు బాలాజీ గుడికి పోయే కార్ల వరసలో, నత్తనడకన మాత్రమే వేడి చూపే ముల్లు పైకి లేస్తుంటే ముందు ఫ్యాన్‌ను అనుమానించాలి. మర్రిచెట్ల నీడన అరవైలో పోతున్నా లేస్తుంటే అప్పుడు చూడాల్సింది రేడియేటర్, థర్మోస్టాట్. ముల్లు పైన ఉన్నా రేడియేటర్ పై హోస్ చల్లగా తగిలితే వాల్వు మూసుకుపోయి ఉండొచ్చు. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషం నుంచే ఆ హోస్ గోరువెచ్చన కావడం మొదలైతే వాల్వు తెరుచుకునే ఉండిపోయిందని లెక్క.

థర్మోస్టాట్ మార్చడం పెద్ద పనేం కాదు. ఇంజన్ పూర్తిగా చల్లారాక కొంత కూలెంట్ దింపి, మూత బోల్టులు విప్పితే చాలు. ఓమ్నిలో ఇంజన్ ముందు సీట్ల కిందే కాబట్టి సీటు లేపాలి. ఓపిక కావాల్సింది పాత ప్యాకింగ్ గీకేటప్పుడు. ఒక్క పొర మిగిలినా అక్కడే కారుతుంది. కొత్తదాన్ని బిగించే ముందు దారం కట్టి గిన్నెలో నీళ్లలో వేలాడదీసి, గిన్నె అడుగుకు తగలకుండా కాచి చూస్తే మంచిది. ఉడుకు దగ్గర పడుతుండగా వాల్వు మెల్లగా పైకి లేచి, దించగానే ముడుచుకోవాలి. కొన్నింటికి అంచున వదులుగా ఊగే చిన్న పిన్ను ఉంటుంది. గాలి పోవడానికే అది, దాన్ని పైకే పెట్టాలి.

ఇక నీళ్లు. ఇటు గండిపేట జలాశయం పక్కనే ఉన్నా, షెడ్లో చేతికందేది బోరు నీళ్లే. వాటి సున్నం రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. అందుకే డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంటే పోయాలి. పోశాక రేడియేటర్ మూత తెరిచే ఉంచి ఇంజన్ నడపాలి. బుడగలు ఆగేదాకా మట్టం తగ్గినప్పుడల్లా మళ్లీ పోయాలి. మూత బిగించాక, ఇంజన్ వేడిగా ఉండగా మాత్రం దాన్ని విప్పొద్దు, ఆవిరి మొహం మీదికి చిమ్ముతుంది. మొదటి వారం రోజూ పొద్దున బండి తీసేముందు మట్టం చూసుకోవాలి. తగ్గుతుంటే ముందు ప్యాకింగ్, హోస్ క్లిప్పులు చూడాలి, ఆ తర్వాతే వాటర్ పంపు.