అన్నం చూస్తే చాలు

న్యూయార్కులో జపాను హోటళ్ళకేం కొదవండీ! ఈస్ట్ విలేజ్‌లో అయితే వీధి మలుపుకొకటి. మంచిదేదో తెలుసుకోవడమే గగనం. గుమ్మంలో ఎర్ర లాంతరు చూసి బోల్తాపడొద్దు. నేను ముందు అన్నం చూస్తాను. సుషీ అంటే చేప అనుకుంటారు గానీ, అసలు సంగతి వెనిగర్ కలిపిన అన్నంలోనే ఉంది. గోరువెచ్చగా ఉండాలి, ముద్దగా అంటుకున్నా మెతుకు మెతుకూ తెలియాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన చద్దిముద్ద పెట్టేవాడికి ఎంత పేరుంటే మాత్రం ఏం? ఆ పచ్చటి వాసాబీ కూడా చాలాచోట్ల రంగేసిన హార్స్‌రాడిష్ దుంపే!

శాకాహారులకి ఇంకో తిప్పలు. మిసో సూపులో పైకి చేపముక్క కనబడదు. అడుగునున్న ‘దాషీ’ నీళ్ళు మాత్రం మామూలుగా ఎండుచేప తురుముతో కాచినవే. బౌద్ధ మఠాల ‘షోజిన్’ వంటలో అయితే సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. అందుకే “దాషీ దేంతో చేశారు?” అని అడిగేస్తాను. విసుక్కోకుండా వంటింట్లోకి వెళ్ళి కనుక్కొచ్చి చెప్పారా, కుర్చీ లాక్కుంటాను.