సంబడీ మెక్‌సంబడీ ఏ మతం?

అన్నా బర్న్స్ నవల ‘మిల్క్‌మన్’ (2018 బుకర్) గురించి అందరూ ముందు చెప్పే మాట, అందులో మనుషులకి పేర్లుండవని. కథ చెప్పే అమ్మాయి ‘మిడిల్ సిస్టర్’, ఆమె స్నేహితుడు ‘మేబీ బాయ్‌ఫ్రెండ్’. ఇదొక శిల్పప్రయోగం అని మెచ్చుకుంటారు. నాకైతే పచ్చి వాస్తవికతలా అనిపించింది. 1970ల బెల్‌ఫాస్ట్ లాంటి ఊళ్లో పేరు చెప్పడమంటే ఏ వైపో చెప్పేయడమే.

అక్కడ ఇంటిపేరు స్పెల్లింగ్ మీద కూడా ఒక నమ్మకం ఉంది. ‘ఎమ్ సీ’ అని రాస్తే ఐరిష్ కాథలిక్కు, ‘ఎమ్ ఏ సీ’ అని రాస్తే స్కాటిష్ ప్రొటెస్టెంటు. ముందు ‘ఓ’ ఉంటే ఇక అడగక్కర్లేదు. చరిత్ర ముందు ఇది నిలబడదు. మొదటిది రెండోదానికి పొట్టిరూపం, అంతే. ‘మాక్’ అంటే గేలిక్‌లో కొడుకు, ‘ఓ’ అంటే మనవడు, వంశస్థుడు. ఆ పేర్లని ఇంగ్లీషులో చెవికి విన్నట్టు రాసేశారు. చాలా కుటుంబాలు ‘ఓ’ వదిలేశాయి, 19వ శతాబ్దం చివర భాషోద్యమం వచ్చాక కొన్ని మళ్లీ తగిలించుకున్నాయి.

‘ఏంగస్ కొడుకు’ అనే ఒకే గేలిక్ పేరు మెగిన్నిస్, మెక్‌గిన్నిస్, గిన్నిస్ అయింది. కెన్ మెగిన్నిస్ ఒకప్పటి అల్‌స్టర్ యూనియనిస్టు ఎంపీ. మార్టిన్ మెక్‌గిన్నిస్ ఐఆర్ఏ నుంచి వచ్చిన షిన్ ఫేన్ నాయకుడు. బీరు గిన్నిస్‌లు ప్రొటెస్టెంట్లు. ఉత్తర ఐర్లండ్ యూనియనిస్టు ప్రధాని టెరెన్స్ ఓనీల్ పేరులో ‘ఓ’ ఉంది. షిన్ ఫేన్ గెర్రీ ఆడమ్స్‌ది చూస్తే ఇంగ్లీషు ఇంటిపేరు. ఈ థియరీని కోడ్‌గా రాస్తే మొదటి టెస్టులోనే ఫెయిలవుతుంది.

బర్న్స్ అన్ని పేర్లూ చెరిపేసి కూడా ఒకణ్ణి ‘సంబడీ మెక్‌సంబడీ’ అంటుంది. మనిషి పోయాడు, ‘మెక్’ మిగిలింది. నవలలో నాకు బాగా నచ్చిన జోకు ఇదే. నిషేధించిన పేర్ల జాబితా జోకు మాత్రం కాస్త సాగదీసినట్టుంది. చివర్లో, మారుపేరు అనుకున్న ‘మిల్క్‌మన్’ నిజంగా అతని ఇంటిపేరే అని తేలుతుంది. ఇన్నాళ్లూ దాని వెనక ఏదో సంకేతం ఉందనుకున్న ఊరికి ఏం చేయాలో పాలుపోదు.

పుస్తకం అట్ట మీది ఇంటిపేరు చూసి కులం లెక్కలేసే మన పాఠకులకి ఇదేం కొత్త కాదు. ఒకే ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంటుందని తెలిసినా లెక్క ఆపం. కానీ ఆ లెక్క తప్పుతుందని నిరూపిస్తే సరిపోదు. సరిగ్గా తేలినప్పుడు ఆ మనిషికి ఏమవుతుంది? బర్న్స్ అడిగేది అదే.