రాయి దొరికిన చోటు

రోహిణి ఎండలు తగ్గి నాలుగు గట్టి వానలు పడ్డాయంటే చాలు, కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, పెరవలి చేలల్లోనూ అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కలా తల వంచుకుని నడిచే మనుషులు కనిపిస్తారు. కూలి మానుకుని వచ్చినవాళ్లు, ఇంటిల్లిపాదీ తరలివచ్చినవాళ్లు, బళ్లారి వైపు నుంచి బస్సెక్కినవాళ్లు. పగలంతా చేలో, రాత్రికి గుడి అరుగు మీదో బడి వరండాలోనో. ఎవరికో రాయి దొరికిందని, లక్షలు పలికిందని పేపర్లో వస్తే చదివినవాళ్లు అదృష్టం అంటారు. దగ్గరకెళ్లి చూస్తే అదృష్టం వంతు చివర్లో వస్తుంది. ఎక్కడ వెతకాలి, ఎప్పుడు వెతకాలి, దేన్ని చేతికి తీసుకోవాలి అన్నది తెలియడం దానికంటే ముందు.

ఈ నేలలోనే ఎందుకు? సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట, భూమి లోపల 150 కిలోమీటర్లకు మించిన లోతు నుంచి కరిగిన శిల గొట్టాల్లాంటి దారులు చేసుకుని పైకి తన్నుకొచ్చింది. దాన్నే కింబర్లైట్ అంటారు. లోతుల్లో పుట్టిన వజ్రాలు దాని వెంట పైకి వచ్చాయి. యుగాల తరబడి వానలకు ఆ శిల చివికి మట్టయింది. వజ్రం మాత్రం అరగకుండా మిగిలి, నీటి వాలు పట్టి వంకల్లోకి, చేలల్లోకి చేరింది. కాబట్టి చేలో దొరికిన రాయి ఆ చేలో పుట్టింది కాదు, మిట్ట నుంచి పల్లానికి వచ్చింది. అనుభవం ఉన్నవాళ్లు వంక మలుపులో గులకరాళ్లు మేట వేసిన చోటును, కొత్తగా దున్నిన ఎర్రచేలను, నీళ్లు కోసిన గట్ల వారను ముందుగా చూసేది ఇందుకే.

వాన కోసం ఆగడంలోనూ లెక్క ఉంది. వాన పైమట్టిని లాక్కుపోయి రాళ్లను బయట పెడుతుంది, వాటి మీది దుమ్ము కడుగుతుంది. పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చిన్న మెరుపైనా కంటికి ఆనుతుంది. మెరిసినవి దాదాపు అన్నీ పలుగురాళ్లే. అసలు పరీక్ష రాయి చేతికి వచ్చాక మొదలవుతుంది. పలుగు స్ఫటికానికి ఆరు పలకల స్తంభం రూపు. వజ్రం చాలాసార్లు ఎనిమిది ముఖాలతో, అంచులు కాస్త గుండ్రబడి ఉంటుంది. నగల దుకాణంలో చూసే తళుకు దానికి ఉండదు, జిడ్డు చేత్తో తాకినట్టు ఒక మెరుపు ఉంటుంది. నీళ్లలో ముంచి తీస్తే తడి దాని ఒంటికి పట్టదు. నోటి ఆవిరి ఊదితే కమ్మిన మసక ఇట్టే పోతుంది. పలుగురాయి మీద అయితే కాసేపు నిలుస్తుంది.

నేలను చదివినట్టే కాగితాన్నీ చదివినవాళ్లున్నారు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే, గోల్కొండకు తూర్పుగా ఏడు రోజుల ప్రయాణంలో ఒక గని ఉందని, అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. భారత భూగర్భ సర్వేక్షణలో పనిచేసిన వాలెంటైన్ బాల్ 1889లో ఆ పుస్తకాన్ని ఇంగ్లిషులో ప్రచురిస్తూ, ప్రయాణ దూరాలను, పాత పటాలను పక్కపక్కన పెట్టి చూసి అది కృష్ణ కుడి ఒడ్డున ఉన్న కొల్లూరేనని తేల్చాడు. కోహినూరు పుట్టిల్లని చాలామంది నమ్మే ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది.

కొల్లూరు పనితనం మాత్రం తావెర్నియే రాతలో మిగిలింది. తవ్వే చోటు పక్కనే నేల చదును చేసి, చుట్టూ రెండడుగుల గోడ కట్టి, గోడ అడుగున తూములు పెట్టేవారు. పని మొదలుపెట్టే ముందు దేవుడికి పూజ చేసి భోజనాలు పెట్టేవారు. మగవాళ్లు తవ్విన మట్టిని ఆడవాళ్లు, పిల్లలు ఆ మడిలోకి మోసేవారు. కడవలతో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు నాననిచ్చి, తూములు తెరిచి బురద వదిలేసేవారు. మిగిలిన ఇసుకను ఎండలో ఆరబెట్టి, బుట్టలతో తూర్పారబట్టి, గడ్డలను కొయ్య రోకళ్లతో దంచి, మళ్లీ చెరిగి, అందరూ ఒక వరసన కూర్చుని చేత్తో ఏరేవారు. మన పల్లెల్లో ధాన్యం నూర్చే ఒడుపే వజ్రాల గనికీ పనికొచ్చింది.

ఆ గని బయటపడ్డ తీరు కూడా తావెర్నియే చెప్పాడు. తాను వెళ్లడానికి సుమారు వందేళ్ల ముందు, చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతున్న ఒక పేదవాడికి దాదాపు 25 క్యారెట్ల రాయి దొరికింది. అతను దాన్ని గోల్కొండ తీసుకెళ్లి చూపించాడు. ఆ మాట పొక్కి జనం ఆ చోటికి చేరారు. దొరికిన చోటు తెలియబట్టే ఒక్క రాయి పెద్ద గనికి దారి చూపింది.

ఇవాళ ఆ దారి మూసుకుపోతోంది. రాయి దొరికినవాళ్లు చోటు చెప్పరు. చెబితే తెల్లారేసరికి జనం చేలో దిగుతారు, విత్తనం తొక్కుడుకు పోతుంది. అధికారులు వచ్చి లాక్కుంటారేమోనన్న భయం ఒకవైపు, దళారి తొందర ఒకవైపు. వచ్చిన ధరకు రాయి గుట్టుగా చేతులు మారుతుంది. దొరికిన చోట్లన్నీ పటం మీద గుర్తు పెట్టుకుంటూ వాలుకు ఎదురు నడిస్తే, ఇంకా ఎవరికీ తెలియని కింబర్లైట్ ఆచూకీ అందవచ్చు. చోటు తెలియని వజ్రం ఆ ఆచూకీని తనతోనే పట్టుకుపోతుంది.

గుప్తనిధుల పేరుతో పాడుబడ్డ గుళ్లను, కోటలను పలుగులతో పెకలించేవాళ్లకూ చేలల్లో రాయి వెతికే వీళ్లకూ పోలిక లేదు. భూమిలో దాచిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 చట్టం చెబుతోంది. అయినా ఆ విధ్వంసం ఆగలేదు. తొలకరిలో నడిచేవాళ్లు విగ్రహాన్ని పగలగొట్టరు, నేల గుండె తవ్వరు. వాన బయటపెట్టినదాన్ని కంటితో ఏరుకుంటారు. వాళ్ల చూపులో తరాల చదువుంది. దాన్ని రాసిపెట్టాలి. రాయి దొరికినవాళ్లు భయం లేకుండా చోటు నమోదు చేయించుకుని, నలుగురి ముందు తూకం వేయించుకుని, న్యాయమైన ధర పొందే ఏర్పాటు ఊళ్లోనే ఉండాలి. తొక్కుడుపడ్డ చేనికి పరిహారమూ అందులోనే చేరాలి. అప్పుడు రైతు పంట నిలుస్తుంది, వెతికినవాళ్లకు ఫలితం దక్కుతుంది, రాయి పుట్టిల్లు ఎక్కడో మనకు తెలుస్తుంది.