కావ్యాలలో కనబడిన ప్రజలు, కనబడని ప్రజలు: 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'పై ఒక పరిశీలన

మధ్యయుగపు సామంత వ్యవస్థలో తెలుగువారి దైనందిన జీవితం ఎట్లుండెనో తెలిసికొనగోరు వేదాంత విద్యార్థికి మేము ముందుగా సూచించే గ్రంథం సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వెలువడిన ఈ రచనకు, రచయిత మరణానంతరం, 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. రాజుల యుద్ధాలకన్న ప్రజల తిండి, బట్ట, ఆట, వర్తకం ముఖ్యమని ఎంచి, ఆయన కావ్యాలనే ఆధారాలుగా తీసికొన్నారు. పాల్కురికి సోమనాథుని మొదలుకొని 'హంసవింశతి' వరకు ఆయన శ్రద్ధగా గాలించారు. ఈ శ్రమకు మనమందరమూ ఋణస్థులమే.

అయితే ఆ ఆధారాలు ఎవరి కన్నులతో చూచినవి? 'క్రీడాభిరామము'లో ఓరుగల్లు వీధులలో తిరిగేది ఒక బ్రాహ్మణుడు, అతని స్నేహితుడైన ఒక సెట్టి. చేతిలో రూకలు, కావలసినంత తీరిక ఉన్నవారు. వారికి పూటకూటిల్లు కనబడుతుంది, వినోదాలు కనబడతాయి. ఆ వంటకు వడ్లు దంచినవారి ఇంట ఆ పూట పొయ్యి వెలిగిందో లేదో కనబడదు. శాసనాలూ అంతే. అవి దాత పేరును, దానమిచ్చిన భూమి ఎల్లలను చెప్పును. దానిని దున్నినవాని పేరు సాధారణంగా చెప్పవు. చాళుక్యుల కాలంలో పొట్టలకెరెగా పేరొందిన మన పటాన్‌చెరు చరిత్రను కూడ ఈ పరిమితిని మరువక చదువవలెను.

ఒక్కచోట తెర కొంత తొలగుతుంది. 16వ శతాబ్దంలో కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో మాలదాసరి కథ చెప్పారు. అతని తోలు కుప్పసాన్ని, కిన్నెరను రాజకవి ఎంతో ప్రీతితో వర్ణించారు. అతని భక్తి బ్రహ్మరాక్షసుణ్ణి సైతం విడిపించగలిగింది. అయినను అతడు పాడేది గుడి వెలుపల నిలిచియే. భక్తిలో అతనిది పై మెట్టు, నిలిచే చోటు మాత్రం మారదు! మన ప్రసంగాలలో ఈ కథను సమానత్వానికి ఉదాహరణగా వాడేవారు ఈ సంగతిని గమనింతురు గాక.

సంఘ చరిత్ర పాఠాలలో ఐరోపా సమాజాన్ని ప్రార్థించేవారు, పోరాడేవారు, పనిచేసేవారు అని మూడుగా చెప్పుదుము. ఆ కొలబద్ద ఇక్కడ సరిపోదు. మన ఊళ్లలో పనియే పుట్టుకనుబట్టి పంచబడెను. కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి కళ్లంలోని ధాన్యపు రాశి నుండి ఆయం ముట్టేది. మాల మాదిగలకు దానితోపాటు వెట్టియు తప్పలేదు.

ఆ వెట్టి మధ్యయుగంతో ముగియలేదు. నిజాము రాజ్యంలో జాగీర్ల రద్దు జరిగింది 1949లో. సురవరంవారి గ్రంథం వచ్చిన సంవత్సరమే. అప్పటికి మెదకు దేవాలయ ప్రతిష్ఠ జరిగి పాతికేండ్లు కావచ్చెను. ఈ ప్రాంతపు మన సంఘాలలో అధికభాగం వెట్టి చేసినవారి సంతతియే. నేడు పాశమైలారం, బొల్లారం కర్మాగారాలలోని కాంట్రాక్టు పనిని కొందరు కాపరులు వెట్టి అని పిలుచుచున్నారు. ఆవేదన న్యాయమైనదే, పోలిక మాత్రం తొందరపాటు. కాంట్రాక్టు కూలీకి కూలి తక్కువ, భద్రత తక్కువ. కాని అతడు పని మానివేయగలడు. అతని పని అతని పుట్టుకకు కట్టబడలేదు. వెట్టివానికి కూలియే లేదు, మానుటకు వీలు లేదు. కూలి బిగబట్టుటను గూర్చి యాకోబు పత్రిక అయిదవ అధ్యాయం పలికే మాట మొదటివానికి సూటిగా వర్తిస్తుంది. రెండవవానికి నిర్గమకాండపు ఇటుకల బట్టీలే దగ్గర.

సంగారెడ్డి చుట్టుపట్ల వెట్టిని కంట చూచిన పెద్దలు ఇంక కొద్దిమందే మిగిలియున్నారు. వారి మాటలను, పాత బాప్తిస్మపు రిజిస్టర్లను ఈ గ్రంథం ప్రక్కన ఉంచి చదివే పరిశోధక విద్యార్థి కొరకు మేము ఎదురుచూచుచున్నాము.