వీరేశలింగము పంతులుగారి కల్పనలలో స్త్రీ

ఆంధ్రదేశమున స్త్రీజనాభ్యుదయమునకై పాటుపడినవారిలో రాజమహేంద్రవర వాస్తవ్యులగు కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848–1919) అగ్రగణ్యులు. వారి సంఘసేవ సర్వజనవిదితము. ఆ సేవకును, వారి నవలా ప్రహసనములకును గల సంబంధము మాత్రము విమర్శింపఁదగియున్నది.

1878లో వెలువడ నారంభించిన రాజశేఖర చరిత్రమునకు ధవళేశ్వరము రంగస్థలము. రాజశేఖరుని కూఁతురు రుక్మిణి. కాశికిఁ బోయిన భర్త మృతుఁడయ్యెనను వార్తచే నామెకు వైధవ్యము ప్రాప్తించును. పిదప దొంగలచేఁ జిక్కి, బంధువులకు దూరమై, పురుషవేషమున సంచరించి యామె తన్నుఁ దాను రక్షించుకొనును. స్త్రీ యబల యను వారి కిది తగిన యుత్తరము. అయినను తుదకు భర్త సజీవుఁడై వచ్చును. ఇందు వైధవ్యమను ముడి విప్పఁబడలేదు. అది ముడియే కాదని తేల్పఁబడినది. నిజముగా భర్త గతించిన బాలికకు గతి యేమి యను ప్రశ్నకుఁ గథ బదులు చెప్పదు.

ఇది పిఱికితన మనరాదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించినది పంతులుగారే. భార్య రాజ్యలక్ష్మమ్మగారు వారికిఁ దోడునిలిచిరి. కావున లోప మున్నచో నది కర్తయందుఁ గాక కథాసంవిధానమునం దున్నది. గోల్డుస్మిత్తు నవల ఛాయ ననుసరించిన యీ కథలోఁ బోయిన దెల్ల మరల దొరకవలయును. ధనము మరలినట్లే భర్తయు మరలెను.

ప్రహసనమున కట్టి నిర్బంధము లేదు. బ్రాహ్మవివాహమున వృద్ధునకుఁ బసిబాలను గట్టిపెట్టు దురాచారము పాత్రోచితమగు వాడుకమాటలలోనే నవ్వులపాలైనది. గలివరు యాత్రలను దలఁపించు సత్యరాజా పూర్వదేశయాత్రలలో నాఁడుమళయాళ మను దేశమున స్త్రీలే యేలికలు. పురుషులకుఁ బత్నీవ్రతమే ధర్మము. తనకు విధించినచో దుస్సహమగు ధర్మమును స్త్రీకి విధించుట న్యాయమా యని చదువరి తనంతఁ దానే ప్రశ్నించుకొనును. ఇంతకంటెఁ బదునైన వాదము వారి యుపన్యాసములలో నరుదు.

ఐనను సత్యవతీ చరిత్రమున (1883) విద్యకు గృహనిర్వహణమే ప్రధాన ఫలముగాఁ జూపఁబడినది. చదువుకొన్న స్త్రీకి గృహమునకు వెలుపల స్థానము కల్పింపఁబడలేదు. ఇది పంతులుగారి కాలపుటెల్ల.

కావున రాజశేఖర చరిత్రము నొక్కదానినే బోధించి యింతియే వారి భావమని శిష్యులకుఁ జెప్పుట సరికాదు. రుక్మిణికథ చెప్పక విడిచిన మాటను సత్యరాజు యాత్రలు నవ్వుచుఁ జెప్పినవి. ఈ రెంటిని జేర్చి చదివినప్పుడే పంతులుగారి హృదయమును, దాని హద్దును గూడ తెలియవచ్చును.