కణోత్పత్తి కథనంలో కాలక్రమం: ‘ది ఫస్ట్ త్రీ మినిట్స్’ – ఒక పరిశీలన

విశ్వారంభాన్ని వివరించే గ్రంథం తొలి క్షణంతోనే మొదలవుతుందని పాఠకుడు ఆశించడం సహజం. స్టీవెన్ వైన్‌బర్గ్ 1977లో వెలువరించిన ‘ది ఫస్ట్ త్రీ మినిట్స్’ ఆ క్రమాన్ని పాటించదు. అందులో కణోత్పత్తి కథనం కాలక్రమాన్ని ఎందుకు తప్పిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ప్రధాన కథనం ఐదవ అధ్యాయంలో ఉంది. రచయిత దానిని చలనచిత్రంలోని చిత్రాల వలె విభజించారు. మొదటి చిత్రం సున్నా వద్ద కాక, సెకనులో నూరవ వంతు వద్ద మొదలవుతుంది. అప్పటి ఉష్ణోగ్రత 10,000 కోట్ల కెల్విన్లు. ఆ వేడిలో ఫోటాన్లు పరస్పరం ఢీకొని ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటలుగా మారుతాయి. ఆ జంటలు నశించి మళ్లీ ఫోటాన్లవుతాయి. ఉష్ణోగ్రత సుమారు 600 కోట్ల కెల్విన్లకు దిగువకు తగ్గాక పుట్టే జంటల కన్నా నశించేవి ఎక్కువవుతాయి. దాదాపు 100 కోట్ల ఫోటాన్లకు ఒకటి చొప్పున ఉన్న ప్రోటాన్లు, న్యూట్రాన్ల నుంచి 3 నిమిషాల 46 సెకన్ల వేళకు హీలియం కేంద్రకాలు ఏర్పడతాయి.

అంతకు ముందరి సెకనులో నూరవ వంతు కథ ఏడవ అధ్యాయానికి వాయిదా పడింది. ప్రబల బలానికి లోబడే కణాలు అప్పుడు విస్తారంగా ఉన్నందున లెక్క నిలకడగా సాగదు. ఈ రెండింటి నడుమ ఆరవ అధ్యాయం, విశ్వ నేపథ్య వికిరణం కోసం 1965కు ముందు ఎవరూ ఎందుకు శ్రద్ధగా వెతకలేదని ప్రశ్నిస్తుంది. అంటే కథనం ఘటనల వరుసను కాక, జ్ఞాన నిశ్చయతను అనుసరించింది. తెలిసినది ముందు, ఊహ తరువాత. ఈ గ్రంథానికి విశ్వసనీయతను ఇచ్చింది ఈ అమరికే.

అయితే రెండు పరిమితులు కనిపిస్తాయి. చలనచిత్రపు ఉపమానం విశ్వానికి వెలుపల ఒక ప్రేక్షకుడు ఉన్నాడనే భ్రమ కలిగిస్తుంది. విస్ఫోటనం ఒక చోట కాక అంతటా ఒకేసారి జరిగిందని రచయిత ముందే హెచ్చరించినా, ఉపమానం ఆ హెచ్చరికను బలహీనపరుస్తుంది. రెండవది మరింత మౌలికమైనది. కణాలు, ప్రతికణాలు సరిసమానమైతే దాదాపు అన్నీ పరస్పరం నశించేవి. పదార్థం స్వల్పంగా అధికంగా ఉండడమే మన ఉనికికి ఆధారం. ప్రధాన కథనం ఆ అధికాన్ని దత్తాంశంగా స్వీకరిస్తుందే గాని వివరించదు. ఆ ప్రశ్న నేటికీ తేలలేదు.

తెలుగులో ఈ విషయాన్ని రాసేవారు తరచూ ‘మహావిస్ఫోటనం’తో మొదలుపెట్టి, అన్ని దశలనూ ఒకే నిశ్చయంతో చెబుతారు. ఎక్కడ లెక్క ఆగి ఊహ మొదలవుతుందో పాఠకుడికి తెలియజేయడం శైలికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, శాస్త్ర రచనకు ప్రాథమిక ధర్మం కూడా.